బళ్లారి నమూనా: మనసు వైద్యం ఊరి దాకా

దేశంలో 700కు పైగా జిల్లాల్లో ఇవాళ ఒక ప్రభుత్వ కార్యక్రమం ఉంది. పేరు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు, ఊళ్లో రోగిని గుర్తుపట్టి పంపే ఆరోగ్య కార్యకర్త. స్థూలంగా దాని స్వరూపం ఇదే. ఈ పద్ధతి ఢిల్లీలో కూర్చుని కాగితం మీద రాసింది కాదు. 1985లో మొదలుపెట్టి ఐదేళ్ల పాటు కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో చేసి చూసింది. మానసిక వైద్యుల పుస్తకాల్లో దానికి ‘బళ్లారి మోడల్’ అని పేరు. దేశమంతా వైద్య విద్యార్థులు పరీక్షల కోసం ఆ పేరు చదువుకుంటారు. బళ్లారిలోనూ, ఆ చుట్టుపక్కల తెలుగు ఊళ్లలోనూ మాత్రం ఈ సంగతి తెలిసినవాళ్లు అరుదు.

తెలియాల్సిన సంగతి ఇది. మనసుకు జబ్బు చేస్తే ఎక్కడికి పోవాలి, ఎవరికి చెప్పాలి, మందు ఎంత దూరంలో దొరుకుతుంది అన్న ప్రశ్నలకు మన దేశం వెతికిన జవాబుల్లో అన్నిటికంటే పనికొచ్చినది ఎండకూ, ఎర్రమట్టికీ పేరుపడ్డ ఈ సరిహద్దు జిల్లాలోనే దొరికింది.

అంతకు ముందు పరిస్థితి ఎలా ఉండేదో చూస్తే దీని విలువ అర్థమవుతుంది. 1946లో దేశ ఆరోగ్య పరిస్థితి మీద భోర్ కమిటీ లెక్కలు తీసేనాటికి అవిభక్త భారతదేశంలో ఉన్న మానసిక ఆసుపత్రులు 19, వాటిలో పడకలు సుమారు 10 వేలు. జనాభా 40 కోట్లు. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న బళ్లారి మనిషికి మతి చలిస్తే మద్రాసు కీల్పాక్ దాకా పోవాలి, లేదంటే బెంగళూరు. అంత దూరం రైల్లో తీసుకుపోవడం ఎలాగోలా అయ్యేది. మళ్లీ మళ్లీ పోవడమే కుదిరేది కాదు. చేర్చిన మనిషిని అక్కడే వదిలేసి వచ్చిన కుటుంబాలు ఎన్నో. తీసుకుపోలేనివాళ్లు ఇంట్లోనే ఒక గదిలో పెట్టి తాళం వేశారు, గొడ్ల చావిడిలో కట్టేశారు. ప్రేమ లేక చేసిన పని కాదది. వేరే దారి కనిపించక చేసిన పని.

1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకంలోకి వచ్చాక కథ మారింది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించడం, రాత్రింబవళ్లు నిద్ర లేకుండా తిరగడం లాంటి తీవ్ర లక్షణాలు మాత్రతో అదుపులోకి రావడం మొదలైంది. ఇక మనిషిని గోడల మధ్య ఏళ్ల తరబడి ఉంచాల్సిన పని లేదు. కానీ మాత్ర నెల నెలా అందాలి. కొందరికి ఏళ్ల పాటు అందాలి. వందల మైళ్ల అవతల ఉన్న మందుతో అది సాధ్యం కాదు.

దీన్ని ఎలా దాటాలన్నది 1970లలో రెండు చోట్ల పరీక్షించారు. చండీగఢ్ పీజీఐలో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ బృందం హర్యానాలోని రాయ్‌పూర్ రాణి ప్రాంతంలో ఒక ప్రయత్నం చేసింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు నగర శివార్లలోని సకలవార గ్రామంలో 1976లో ఒక కేంద్రం పెట్టి మరో ప్రయత్నం చేశారు. రెండు చోట్లా తేలిందొకటే. మామూలు ఎంబీబీఎస్ డాక్టరుకూ, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ కొద్ది రోజులు శిక్షణ ఇస్తే తీవ్రమైన మానసిక జబ్బుల్లో చాలావాటిని ఊరి దగ్గరే చూడొచ్చు. ఈ నమ్మకంతోనే 1982 ఆగస్టులో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ఆమోదించింది. వర్ధమాన దేశాల్లో ఇలాంటి కార్యక్రమం తొలిగా చేపట్టిన వాటిలో మనది ఒకటి.

అయితే ఒక పెద్ద సందేహం మిగిలింది. ఉత్సాహం ఉన్న ప్రొఫెసర్లు దగ్గరుండి నడిపిస్తే ఒక ఆరోగ్య కేంద్రంలో ఏదైనా నడుస్తుంది. బదిలీలు, ఖాళీ పోస్టులు, మందుల ఇండెంట్లు, టీకాలు వేయడం లాంటి పది పనుల మధ్య నలిగే మామూలు ప్రభుత్వ యంత్రాంగంలో, మొత్తం ఒక జిల్లాలో నడుస్తుందా? అది తేల్చుకోవడానికే బళ్లారిని ఎంచుకున్నారు. నిమ్హాన్స్‌కు 300 కిలోమీటర్లకు పైగా దూరం. ఎనిమిది తాలూకాలు, సుమారు 15 లక్షల జనాభా. తుంగభద్ర కాలువ కింద పచ్చగా ఉన్న సిరుగుప్ప ఒకవైపు, చినుకు కోసం ఆకాశం చూసే కూడ్లిగి ఇంకోవైపు. గనుల సండూరు, తండాలు, తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ మాట్లాడే జనం. దేశాన్ని చిన్నగా చేసి చూపితే ఇలాగే ఉంటుంది.

నిమ్హాన్స్ తరఫున మోహన్ ఐజాక్, సి.ఆర్. చంద్రశేఖర్, ఆర్. శ్రీనివాసమూర్తి వంటి వైద్యులు ఈ పనిలో ఉన్నారు. జిల్లా కేంద్రంలో చిన్న బృందం: ఒక మానసిక వైద్యుడు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, ఒక సామాజిక కార్యకర్త, లెక్కలు రాసే గుమాస్తా. వీళ్ల పని జిల్లాలోని రోగులందరినీ తామే చూడటం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులకు నేర్పడం, వాళ్లకు చిక్కిన కేసుల్లో సాయపడటం, మందులు ఆగకుండా చూడటం, ఎవరు వస్తున్నారో ఎవరు మానేశారో లెక్క ఉంచడం. శిక్షణ కోసం డాక్టర్లను బెంగళూరు రప్పించకుండా జిల్లాలోనే ఇచ్చారు. నేర్చుకునేవాళ్లు తమ ఊళ్ల రోగులనే చూస్తూ నేర్చుకునేలా.

అన్ని జబ్బులనూ ఒకేసారి ఎత్తుకోలేదు. తీవ్రమైన ఉన్మాదం, మూర్ఛ, దిగులు జబ్బు, బుద్ధిమాంద్యం. ముందు వీటినే పట్టుకున్నారు. మందులు కూడా గుప్పెడే. క్లోర్‌ప్రోమజైన్ మాత్రలు, మాత్ర మింగననే వాళ్ల కోసం కొన్ని వారాలకొకసారి వేసే ఫ్లూఫెనజైన్ సూది, దిగులుకు ఒక మందు, మూర్ఛకు ఫినోబార్బిటోన్. అన్నీ చవకైనవే.

వీటిలో మూర్ఛ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. అసలది మెదడు జబ్బు, మనోరోగం కాదు. అయినా పల్లెల్లో దాన్ని గాలి చేష్ట అనో, అమ్మవారి కోపం అనో అనుకోవడం వల్ల రోగికి పడే శిక్ష ఒకటే. పిల్లను బడి మాన్పిస్తారు, పెళ్లి సంబంధం చెడిపోతుందని దాచిపెడతారు, బావి దగ్గరికీ పొయ్యి దగ్గరికీ పోనివ్వరు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం నేటికీ చూస్తాం. రోజూ రాత్రి వేసుకునే చిన్న మాత్రతో చాలామందికి ఫిట్స్ ఆగిపోతాయి. ఆ పిల్ల మళ్లీ బడికి పోతుంది. పదేళ్లుగా ఊరంతా చూస్తున్న జబ్బు మాత్రతో తగ్గడం కళ్లారా చూశాక, మాటలతో నమ్మనివాళ్లు కూడా మిగతా రోగులను తీసుకురావడం మొదలుపెడతారు. ఉపన్యాసం చేయలేని ప్రచారం అది చేస్తుంది. ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ నాలుగు మాటలు తెలిసిన ఇల్లు ఎంతో కొంత భయం లేకుండా బతుకుతుంది.

బళ్లారిలో ఈ పద్ధతి నడుస్తుందని తేలాక 1996లో కేంద్రం ఇదే నమూనాను నాలుగు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా చొప్పున మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు ఎంపికైన జిల్లా మెదక్. అక్కడి నుంచి పదులు, వందల జిల్లాలకు పాకింది.

పాకినంత వేగంగా ప్రాణం పోసుకోలేదన్నది కూడా చెప్పాలి. చాలా జిల్లాల్లో డబ్బు ఆలస్యంగా వచ్చింది, మానసిక వైద్యుడి పోస్టు ఖాళీగా ఉండిపోయింది, శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయి కొత్తగా వచ్చినవాళ్లకు శిక్షణ లేకపోయింది. మందులు మూడు నెలలు వచ్చి నాలుగో నెల రాకపోతే రోగి మళ్లీ మొదటికొస్తాడు. అప్పుడు కుటుంబం ‘ఇంగ్లీషు మందు పనిచేయదు’ అనుకుంటుంది. మందు లేకుండా అవగాహన కల్పించడం ఆశ పెట్టి ద్రోహం చేయడమే. గోడ మీద పోస్టరు అంటించే ముందు అల్మరాలో మందు ఉందా అని చూడాలి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగింది గుర్తుచేసుకుంటే ఈ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. అక్కడి దర్గా చుట్టూ వెలసిన ఆశ్రమాల్లో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపల మానసిక రోగులను గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. వాళ్లను తీసుకొచ్చి అక్కడ వదిలిన కుటుంబాలు నయమవుతుందనే నమ్మకంతోనే వదిలాయి. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఆ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందడం పౌరుడి హక్కు అని 18వ సెక్షన్ చెబుతుంది. కులం, మతం, లింగం, వర్గం, సంస్కృతి పేరుతో తేడా చూపకూడదని స్పష్టంగా రాసింది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి వైద్యం ఉచితం. జిల్లాలో ఆ సేవలు లేకపోతే వేరే చోట అయిన ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇవ్వాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, అతనికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షన్ చెబుతుంది. పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రిలో అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఈ ఒక్క సంగతి తెలియక, ‘పొరపాటున తాగాడు’ అని రాయించుకుని, మనసుకు వైద్యం చేయించకుండానే ఇంటికి తీసుకుపోయే కుటుంబాలు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి.

చట్టం చెప్పేదానికీ జరిగేదానికీ మధ్య దూరం ఎంతో 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే చూపించింది. పెద్దవాళ్లలో ప్రతి పది మందిలో ఒకరికి వైద్యం అవసరమైన ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. అట్టడుగు ఆదాయం ఉన్న ఇళ్లలో సమస్య ఎక్కువ. వైద్యానికీ, ప్రయాణానికీ కలిపి ఒక కుటుంబం నెలకు 1,000 నుంచి 1,500 రూపాయలు పెట్టుకుంటోంది. కూలిమీద బతికే ఇంటికి అది ఎన్ని రోజుల అన్నమో లెక్క వేసుకుంటే, రోగి మందులు ఎందుకు మానేస్తున్నాడో అడగనక్కర్లేదు.

డబ్బు ఒక్కటే కాదు. బళ్లారి, దాన్నుంచి 2021లో విడిపోయిన విజయనగర జిల్లాల్లో బాధ ఒకేచోట పేరుకున్న జనం ఉన్నారు. 1982లో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ కర్ణాటక చట్టం చేశాక కూడా ఆ బతుకు బరువు మోస్తున్న దళిత మహిళలు, బడిలో తండ్రి పేరు అడిగినప్పుడల్లా తలదించుకున్న వాళ్ల పిల్లలు. గనుల్లో తవ్వి, లారీలకెత్తి బతికిన కూలీలు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారిలో మైనింగ్ ఆపేయమన్నప్పుడు అడవికీ నీళ్లకూ ఊపిరి వచ్చింది. అవసరమైన తీర్పే. ఆ రోజు నుంచి కూలి పోయిన మనుషులకు ఎవరూ పోయి ‘నిద్ర పడుతోందా’ అని అడగలేదు. కుట్టుమిషన్ల ముందు రాత్రి దాకా జీన్స్ ప్యాంట్లు కుట్టే బళ్లారి కౌల్‌బజార్ ఆడవాళ్లు, వలస పోయొచ్చే లంబాడీ తండాలు, అప్పులో మునిగిన మెట్ట రైతులు. వీళ్లలో చాలామంది దిగులు జబ్బుకు దిగులు అని పేరు పెట్టరు. నడుము నొప్పి, తల బరువు, గుండె దడ, అరికాళ్ల మంట అని చెప్పుకుంటారు. ఊళ్లో ఆరెంపీ దగ్గర సెలైను ఎక్కించుకుంటారు, రక్తపరీక్షలు చేయించుకుంటారు. జబ్బు దొరకదు. డబ్బు పోతుంది.

ఇలాంటి చోట మార్పు తెచ్చేది మంచి ప్రశ్న. ఆశా కార్యకర్త గడప మీద కూర్చుని అడిగే మాట. సరిహద్దు పల్లెల్లో అది ఇలా నడుస్తుంది.

‘అక్కా, నిద్దర పడతా ఉందా?’

‘యాడ నిద్దర పాపా. కండ్లు మూస్తే చాలు, గుండె దడదడ అంటాది.’

‘అన్నం సయిస్తా ఉందా?’

‘నోటికి రుచే లేదు.’

‘పనికి పోతా ఉండావా?’

‘పోయి శానా దినాలాయె. చేతులు ఆడవు. మా ఆయప్ప సోమరిపోతు అంటాడు.’

ఇంతే. దిగులు జబ్బు గుర్తులు చాలావరకు ఈ మూడు జవాబుల్లో వచ్చేశాయి. అడిగే మనిషి తెలిసిన మనిషి, చెల్లెలి వరస. తర్వాత అడగాల్సిన నాలుగో ప్రశ్న ఉంది: ‘బతికి ఏం లాభం అనిపిస్తా ఉందా?’ ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నెమ్మదిగా, సూటిగా అడిగితే లోపల కుక్కుకున్నది బయటికొస్తుంది. ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది. అవునని జవాబొస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీయించి, అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చాలి.

2014లో కర్ణాటక ‘మనోచైతన్య’ పేరుతో మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టింది. మానసిక వైద్యుడు తాలూకా ఆసుపత్రికే వస్తాడు. సంత రోజులాగా ఒక వారం ఖాయం కావడం పల్లె మనిషికి ఎంత సాయమో చెప్పలేం. ఏ రోజు పోవాలో తెలుసు, బస్సు తెలుసు, కూలికి ఏ రోజు సెలవు పెట్టాలో తెలుసు. కోలుకుంటున్నవాళ్లు పగటిపూట వచ్చి ఏదో ఒక పని నేర్చుకుంటూ గడిపే ‘మానసధార’ కేంద్రాలు కూడా ఆ రాష్ట్రంలో ఉన్నాయి. బళ్లారి పట్టణంలో 1961లో పుట్టిన వైద్య కళాశాల ఉంది. జనం నోట్లో అది ఇప్పటికీ పాత పేరుతో విమ్సే. ఆ ఆసుపత్రికి వచ్చే రోగులకు రాష్ట్రం గీత లేదు.

రాష్ట్రం గీత గురించే అసలు చెప్పాలి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారితో సహా మిగిలినవి మైసూరుకు పోయాయి. చుట్టరికాలు, పొలాలు, సంతలు గీతకు అటూ ఇటూ ఉండిపోయాయి. 1985లో మందులు, శిక్షణ, జిల్లా బృందం వచ్చినప్పుడు అవి సహజంగా ఆ గీత దగ్గరే ఆగాయి. అటువైపు ఉన్న రాయదుర్గం రోగికి ఆంధ్రప్రదేశ్ తొలి జిల్లా కార్యక్రమం 11 ఏళ్ల తర్వాత, ఎక్కడో మెదక్‌లో మొదలైంది. నేటికీ రాయదుర్గం వాళ్లకు అనంతపురం కన్నా, ఆలూరు వాళ్లకు కర్నూలు కన్నా బళ్లారే దగ్గర. అందుకని బళ్లారికే వస్తారు. ఓపీలో చూస్తారు, మందు రాస్తారు. కానీ వాళ్ల ఇంటికి పోయి చూసే ఆశా కార్యకర్త వేరే రాష్ట్రం ఉద్యోగి. ఆ మందు వాళ్ల ఊరి కేంద్రంలో ఉందో లేదో బళ్లారి డాక్టరుకు తెలియదు. ఆరోగ్య పథకం కార్డు వేరు. రోగి రెండు నెలలు రాకపోతే గీత దాటి వెతికేవాళ్లు లేరు.

ఈ జబ్బుల్లో భాష మరో మెట్టు. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెబుతుంది. మనసులో ఏముందో రోగి నోటితో చెప్పుకోవాలి. బళ్లారిలో పుట్టి పెరిగిన నర్సుకూ, గుమాస్తాకూ తెలుగూ కన్నడమూ రెండూ వస్తాయి కాబట్టి సగం పని వాళ్లే నెట్టుకొస్తారు. మైసూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు ముందు కూర్చున్న తెలుగు ముసలమ్మకు, లంబాడీ పడుచుకు మాత్రం కొడుకో, భర్తో మాట అందించాల్సి వస్తుంది. ఆ భర్త తాగి కొడుతున్నదే ఆమె బాధ అయితే?

అమెరికాలో నల్లజాతివారికి, లాటిన్ జనానికి, ఆసియా నుంచి వలస పోయినవారికి ఎదురైన గోడ కూడా ఇలాంటిదే. 2001లో ఆ దేశపు సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ ఒక నివేదికలో ఇది చాటారు. అల్పసంఖ్యాక జాతులకు మానసిక వైద్యం తక్కువగా అందుతోంది, అందినా నాణ్యత తక్కువ, అందుకు పేదరికం, భాష, అపనమ్మకం కారణాలు అన్నారు. కూతురి జబ్బుతో పోరాడిన రచయిత్రి బెబె మూర్ క్యాంప్‌బెల్ ఈ మాటను నల్లజాతి ఇళ్లలోకి తీసుకుపోయారు. ఆమె చనిపోయాక, 2008లో, అమెరికా ప్రతినిధుల సభ ఆమె పేరుతో జులైని అల్పసంఖ్యాకుల మానసిక ఆరోగ్య అవగాహన మాసంగా ప్రకటించింది.

గుడి, దర్గా, మంత్రగాడి సంగతి రాకుండా ఈ విషయం పూర్తి కాదు. పట్నం చదువరులు వాటిని తిట్టేసి ముగిస్తారు. అలా చేస్తే జనం మన మాట వినరు. 2002లో నిమ్హాన్స్ వైద్యుడు రఘురాం బృందం తమిళనాడులో ఒక గుడికి వచ్చి ఉండే మానసిక రోగులను పరిశీలించింది. మందులు లేవు, మంత్రతంత్రాలు పెద్దగా లేవు. చెట్లకు నీళ్లు పోయడం, ఊడవడం, ప్రార్థన, పక్కన తమవాళ్లొకరు. సగటున ఆరు వారాలున్న 31 మందిలో లక్షణాల తీవ్రత ఐదో వంతు దాకా తగ్గింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ వ్యాసం వచ్చింది. ఆదరణ, పని, నిందలేని చోటు మనిషికి మేలు చేస్తాయని అది చెబుతోంది. గొలుసులు, కొరడా దెబ్బలు, పస్తులు చేస్తాయని కాదు. తాయెత్తు కట్టించుకున్న రోగి మాత్ర కూడా వేసుకోవచ్చు. పూజారికీ ఆరోగ్య కార్యకర్తకూ పరిచయం ఉన్న ఊళ్లో రోగి త్వరగా ఆసుపత్రి చేరతాడు.

ఇంకోవైపు ప్రమాదమూ ఉంది. సుశ్రుత్ జాదవ్, సుమీత్ జైన్ ఉత్తరప్రదేశ్‌లో ఈ జిల్లా కార్యక్రమాన్ని దగ్గరగా చూసి 2009లో ఒక వ్యాసం రాశారు. కార్యక్రమం మొత్తం మాత్రలు పంచే పనిగా కుదించుకుపోయిందని వాళ్ల విమర్శ. మాట్లాడేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. ఆ విమర్శ న్యాయమైనదే. ఉన్మాదానికి మాత్ర కావాలి. అప్పుకు, తాగుబోతు భర్తకు, కులం పేరుతో పడ్డ అవమానానికి మాత్ర లేదు. ఆ బాధ విని, దారి చూపే మనిషి కావాలి.

అలాంటి మనిషి పెద్ద డిగ్రీ ఉన్నవాడే కానక్కర్లేదని జింబాబ్వే చూపించింది. మానసిక వైద్యులను వేళ్ల మీద లెక్కపెట్టే ఆ దేశంలో 2006లో డాక్టర్ డిక్సన్ చిబాండా హరారేలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చారు. ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ల కష్టం విని, ఒక సమస్యను ఎంచుకుని దాన్ని ఎలా దాటాలో కలిసి ఆలోచించడమే వాళ్ల పని. మామూలు వైద్యం పొందినవారికన్నా అవ్వల దగ్గర కూర్చున్నవారిలో దిగులు బాగా తగ్గిందని 2016లో జామా పత్రికలో అచ్చయిన పరిశోధన తేల్చింది. మన పశ్చిమ గోదావరిలోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇంటింటా దిగులును గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే పద్ధతిని నడిపి చూశారు. ముందుగా వీధి నాటకాలతో సిగ్గు పోగొట్టే ప్రయత్నం చేశారు. వైద్యం కోసం పోయేవారి సంఖ్య పెరిగింది. మన స్వయంసహాయక సంఘాల్లో అప్పుల లెక్కలు చూసే అక్కలున్నారు. ఆ పక్కనే ఒక బెంచీ వేయడం అసాధ్యమైన పని కాదు.

రాత్రిపూట ఆదుకోవడానికి ఒక ఫోన్ నంబరుంది: 14416. టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడొచ్చు. 2024 నాటికే 10 లక్షలకు పైగా ఫోన్లు వచ్చాయి. బళ్లారి నుంచి ఫోన్ చేసిన తెలుగు మనిషి కూడా ముందు భాషను ఎంచుకోవచ్చు. ఆలూరు అమ్మకైనా, కూడ్లిగి రైతుకైనా నంబరు ఒకటే.

ఫోన్ తర్వాత మళ్లీ కావలసింది దగ్గర్లో మనిషి, మందు. ఇక్కడే బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాల మానసిక ఆరోగ్య బృందాలు చేయగల పని ఒకటుంది. ఏ ఆసుపత్రిలో ఏ వారం క్లినిక్ ఉంటుందో రెండు భాషల్లో రాసి సరిహద్దు బస్టాండ్లలో పెట్టడం. బళ్లారిలో రాసే మందుల జాబితాను రాయదుర్గం, ఆలూరు, గుంతకల్లు ఆసుపత్రులకు పంపి అవే మందులు అక్కడ నిల్వ ఉంచేలా చూడటం. గీత అవతలి ఊరి రోగి వస్తే, అతని ఒప్పుకోలుతో, ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు కార్డు మీద రాసుకోవడం. తప్పిన రోగి పేరు నెలకోసారి అటు చెప్పడం. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ముగ్గురు జిల్లా అధికారులు ఒక పూట బళ్లారిలో కూర్చుని సంతకాలు చేస్తే వచ్చే మంగళవారం నుంచే మొదలుపెట్టొచ్చు.